చిన్న నగరాల విమానాశ్రయాలు, విదేశీ నగదు మార్పిడి: నెల్లూరు తీరం

విదేశీ నగదు మార్పిడి అంటే ప్రయాణికుడి చేతిలో ఉన్న డాలరు, దినారు, దిర్హమ్ వంటి నోట్లను రూపాయలుగా, రూపాయలను ఆ నోట్లుగా మార్చి ఇచ్చే వ్యాపారం. భారతదేశంలో దీనికి రిజర్వు బ్యాంకు అనుమతి తప్పనిసరి. పెద్ద విమానాశ్రయాల్లో ఈ కౌంటర్లు రాత్రింబవళ్లు పనిచేస్తాయి. చిన్న నగరాల విమానాశ్రయాల్లో చాలా చోట్ల అసలు ఉండవు. ఉన్నా, విదేశీ విమానం దిగే వేళకు తెరిచి, జనం వెళ్లిపోగానే మూస్తారు. అలాంటి చోట మార్పిడి విమానాశ్రయం బయట, ఊళ్లోని బ్యాంకులోనో లైసెన్సు ఉన్న దుకాణంలోనో జరుగుతుంది. లేదా దారిలోని పెద్ద నగరంలోనే పూర్తవుతుంది. మూడో దారి కూడా ఉంది. డబ్బు నోట్ల రూపంలో ఊరు చేరదు, విదేశంలోనే రూపాయిగా మారి ఖాతాలో పడుతుంది. నెల్లూరు తీరంలో ఈ మూడూ కనిపిస్తాయి.

కోట, దాని చుట్టుపక్కల విమానాశ్రయాలు

కోట గూడూరుకు తూర్పున, సముద్రం వైపున్న మండల కేంద్రం. చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉండి, 2022 జిల్లాల పునర్విభజనలో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. వరి, రొయ్యల చెరువులు, విద్యానగర్ కళాశాలలు ఈ ప్రాంతపు గుర్తులు. కడప, చిత్తూరు జిల్లాల్లాగే నెల్లూరు జిల్లా నుంచి కూడా దశాబ్దాలుగా జనం పనికోసం గల్ఫ్ దేశాలకు, ముఖ్యంగా కువైట్‌కు వెళ్తున్నారు. విద్యానగర్ వంటి చోట ఇంజనీరింగు చదివినవారిలో కొందరు అమెరికా దారి పట్టారు. అందువల్ల విమానాశ్రయం లేని ఈ పల్లెపట్టులో దినారు, డాలరు కొత్త మాటలేమీ కావు.

ఇక్కడి ప్రయాణికుడికి దగ్గరలో రెండు విమానాశ్రయాలున్నాయి. గూడూరు నుంచి రైలు మార్గంలో రేణిగుంట 83 కిలోమీటర్లు. తిరుపతి విమానాశ్రయం ఉన్నది అక్కడే. గూడూరు నుంచి చెన్నై సెంట్రల్ 138 కిలోమీటర్లు. అక్కడి నుంచి మెట్రో రైలు నేరుగా మీనంబాక్కం విమానాశ్రయానికి వెళ్తుంది. దూరం చూస్తే రేణిగుంట దగ్గర. అయినా విదేశానికి పోయేవారు చెన్నైకే పోతారు. కువైట్, దుబాయి, సింగపూర్ విమానాలు ఎక్కేది అక్కడే కాబట్టి. నెల్లూరుకు ఉత్తరాన దగదర్తిలో విమానాశ్రయం కట్టాలన్న ఆలోచన చాలా ఏళ్లుగా నలుగుతోంది.

శ్రీసిటీ సంగతీ ఇంతే. తడ, సత్యవేడు సమీపంలోని ఈ పారిశ్రామిక ప్రాంతానికి వచ్చే జపాన్ కంపెనీల ఉద్యోగులు చెన్నైలో దిగి, అక్కడే డబ్బు మార్చుకుని రోడ్డు మీద ఆంధ్రలోకి వస్తారు. ఫ్యాక్టరీ ఉన్న జిల్లా వేరు, యెన్ రూపాయిగా మారే జిల్లా వేరు.

పాత కాలపు మారకం

పరాయి దేశపు నాణెం ఈ తీరానికి విమానాల కంటే చాలా ముందే వచ్చింది. 18వ శతాబ్ది చివర్లో నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న రైతుకు ఒక కుండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల కాలం నాటివి. వాటిలో కొన్ని పాత బంగారం కింద అమ్ముడై కరిగిపోయాయి, మిగిలినవి మదరాసు అధికారుల దృష్టికి వచ్చాయి. నాణెం విలువ దాని మీది బొమ్మలో లేదు, లోహం తూకంలో ఉందని కొన్నవాడి లెక్క. మధ్యయుగంలో నెల్లూరు తెలుగు చోడుల కాలానికి కృష్ణపట్నం సముద్ర వర్తకానికి రేవు. 1626లో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ కోటకు పొరుగున ఉన్న దుగరాజపట్నంలో స్థావరం పెట్టింది. వారి కాగితాల్లో దాని పేరు ఆర్మగాన్. అక్కడి ముఖ్యాధికారిగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1639లో మదరాసుకు స్థలం సంపాదించాడు. రేవు దక్షిణానికి తరలింది, దానితోపాటు డబ్బు మార్చే అంగళ్లూ తరలాయి. నేటి కోటవాసి చెన్నైలో దినార్లు మార్చుకోవడానికి మూలం ఒక రకంగా ఆ తరలింపులోనే ఉంది.

ఆ కాలంలో ఈ పని చేసినవాడు షరాబు. అరబ్బీ నుంచి వచ్చిన ఈ మాటకు మొదటి అర్థం నాణేలు పరీక్షించి మార్చేవాడు అనే. తెలుగులో అది బంగారం వర్తకుడికీ కంసాలికీ కూడా పాకింది. మారకంలో కోసుకునే తరుగును వట్టం అనేవారు. మదరాసు రాజధానిలో వరహాలు, పణాలు, కాసులు, రూపాయలు ఒకేసారి చలామణిలో ఉండేవి కనుక పక్క తాలూకాకు వెళ్లినా వట్టం తప్పేది కాదు. 1818లో కంపెనీ ప్రభుత్వం రూపాయిని ప్రధాన నాణెం చేసి, నక్షత్రం గుర్తున్న మదరాసు వరహాకు మూడున్నర రూపాయలు కట్టింది. నేటి ఫారెక్స్ కౌంటర్లలో కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఉండే తేడా ఆ పాత వట్టమే, పేరు మారిందంతే.

గల్ఫ్‌తో సంబంధంలో ఒక విచిత్రం ఉంది. 1961 దాకా కువైట్‌లో చలామణి అయింది భారత రూపాయే. బంగారం దొంగరవాణాకు రూపాయలు వాడకుండా 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరే రంగులో ప్రత్యేక నోట్లు ముద్రించింది. 1961లో కువైట్ తన దినారును ప్రవేశపెట్టినప్పుడు ఒక దినారుకు 13 రూపాయల 33 పైసల చొప్పున రూపాయలను వెనక్కి తీసుకుంది. తర్వాతి తరంలో నెల్లూరు, కడప సీమల నుంచి వలస మొదలయ్యేసరికి లెక్క తారుమారైంది. ఇప్పుడు ప్రపంచంలో అన్నిటికంటే విలువైన కరెన్సీ కువైట్ దినారే.

ఆ దినారూ ఒకసారి బెడిసికొట్టింది. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించి దినారును రద్దు చేశాయి. కువైట్ వదిలి అమ్మాన్ చేరిన లక్షకు పైగా భారతీయులను ఎయిరిండియా తన విమానాల్లో బొంబాయికి తెచ్చింది. వారి జేబుల్లోని నోట్లకు విలువ ఉందో లేదో ఎవరూ చెప్పలేని స్థితి. విముక్తి తర్వాత 1991లో కువైట్ కొత్త నోట్లు విడుదల చేసి, ఇరాక్ దోచుకుపోయిన వరుస సంఖ్యల నోట్లు చెల్లవని ప్రకటించింది. గల్ఫ్ పోయినవాళ్లు నోట్లు దాచుకోవడం కంటే ఎప్పటికప్పుడు ఇంటికి పంపడం మేలని నేర్చుకున్న సందర్భాల్లో ఇదొకటి.

హోదా ఒకటి, సర్వీసు ఒకటి

ఒక విమానాశ్రయంలో విదేశీ కరెన్సీ కౌంటరు నిలవాలంటే ముందు అక్కడ కస్టమ్స్, ఇమిగ్రేషన్ ఉండాలి, ఆ తర్వాత విదేశీ విమానం రావాలి. మొదటిది ప్రభుత్వ ఉత్తర్వుతో వస్తుంది. రెండోది రాదు.

తిరుపతి ఇందుకు తగిన ఉదాహరణ. 2015 అక్టోబరులో గరుడ టెర్మినల్ ప్రారంభమైంది. 2017లో అంతర్జాతీయ హోదా దక్కింది. ప్రపంచం నలుమూలల నుంచి భక్తులు వచ్చే క్షేత్రం, పక్కనే గల్ఫ్ వలస జిల్లాలు. అన్నీ ఉన్నా హోదా వచ్చాక ఏళ్ల తరబడి రోజువారీ విదేశీ సర్వీసు నడవలేదు. చెన్నై, బెంగళూరు రెండూ కొన్ని గంటల దూరంలో ఉండటం దీనికి ముఖ్య కారణం. అమెరికా నుంచి వచ్చే భక్తుడు ఆ రెండింటిలో ఒకచోట దిగి, అక్కడే రూపాయలు తీసుకుని తిరుపతి చేరతాడు.

గన్నవరంలోని విజయవాడ విమానాశ్రయానికీ 2017లోనే హోదా వచ్చింది. 2018 డిసెంబరు 4న సింగపూర్‌కు వారానికి రెండు సర్వీసులు మొదలయ్యాయి. ఖాళీ సీట్ల నష్టాన్ని రాష్ట్ర ప్రభుత్వం భరించే ఒప్పందం మీద నడిచిన ఆ విమానం 2019 మధ్యలో ఆగిపోయింది. 2022 అక్టోబరు చివర షార్జా సర్వీసు వచ్చింది. వారానికి రెండు విమానాలకు ఎవరు కౌంటరు తెరిచినా, మిగతా ఐదు రోజులు గుమస్తా జీతం, అద్దె ఎక్కడి నుంచి వస్తాయన్న ప్రశ్న తప్పదు.

కడప, కర్నూలు, రాజమహేంద్రవరం దేశీయ విమానాశ్రయాలు. ప్రాంతీయ విమానయానం కోసం కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న జెండా ఊపిన మొదటి సర్వీసుల్లో కడప–హైదరాబాదు ఒకటి. కడప జిల్లా గల్ఫ్ వలసకు పేరుపడ్డదే. కానీ అక్కడ దిగేవాడు హైదరాబాదు నుంచి వచ్చిన దేశీయ ప్రయాణికుడి కిందే లెక్క. కస్టమ్స్ తనిఖీ హైదరాబాదులోనే అయిపోతుంది, మార్పిడీ అక్కడే.

పుట్టపర్తి కథ వేరు. 1990 నవంబరులో ప్రారంభమైన సత్యసాయి విమానాశ్రయానికి విమానాలు ఎప్పుడూ కొద్దే. అయినా ఆ చిన్న ఊళ్లో బ్యాంకులు, డబ్బు మార్చే దుకాణాలు డాలర్లు, యూరోలు, యెన్‌లు తీసుకునేవి. విదేశీ భక్తులు నెలల తరబడి ఆశ్రమంలో, ఊరి గదుల్లో ఉండేవారు. తెచ్చుకున్న డబ్బు కొంచెం కొంచెంగా మార్చుకుంటూ అక్కడే ఖర్చుపెట్టేవారు. కౌంటరుకు గిరాకీ ఇచ్చేది రన్‌వే కాదు, ఊళ్లో కాలు నిలిపే పరాయి దేశస్థుడు. కోట ప్రాంతానికి వచ్చేది పరాయి దేశస్థుడు కాడు, సెలవు మీద ఇంటికొచ్చే మనిషి. అతను మార్చుకునేది ఒక్కసారే, అదీ దారిలోనే.

కౌంటరు లెక్క

నగదు మార్చే వ్యాపారి ఆదాయం కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా. విమానాశ్రయంలో స్థలం వేలంలో దక్కుతుంది. నెలకు కనీసం ఇంత కడతానని, లేదా అమ్మకంలో ఇంత వాటా ఇస్తానని ఒప్పుకోవాలి. ఆ భారమంతా ధరలోకి వస్తుంది. ఊరి మధ్యలోని దుకాణం కంటే విమానాశ్రయం కౌంటరులో ధర తక్కువ పలకడానికి కారణం ఇదే. ప్రయాణికుడికి ఆ క్షణంలో వేరే దారి లేదన్న ధీమా కూడా కొంత కలుస్తుంది.

లెక్కకు దినారు ధర 270 రూపాయలు అనుకుంటే, 200 దినార్ల విలువ 54,000. ఊళ్లోని వ్యాపారి 265కి కొంటే 53,000 వస్తుంది. విమానాశ్రయంలో 250కి కొంటే 50,000. మూడు వేలు తేడా. చెన్నై నుంచి గూడూరుకు కుటుంబమంతా రైల్లో వచ్చినా అంత కాదు. మార్పిడిపై జీఎస్టీ ఉంది కానీ అది చిన్నది. లక్ష రూపాయల లోపు మార్పిడికి మొత్తంలో ఒక శాతాన్ని, కనీసం 250 రూపాయలను సేవ విలువగా కట్టి, దాని మీద 18 శాతం పన్ను వేస్తారు. యాభై వేల మార్పిడికి పన్ను 90 రూపాయలు. ఎంత చిన్న మొత్తమైనా 45కు తగ్గదు. పన్ను రసీదులో కనిపిస్తుంది కాబట్టి జనం దాని గురించి గొణుగుతారు. అసలు కోత ధరల బోర్డులోనే ఉంటుంది. ఆ ధరల పట్టికను కౌంటరు దగ్గర అందరికీ కనబడేలా పెట్టాలని రిజర్వు బ్యాంకు నిబంధన.

చిన్న ఊరి వ్యాపారికి మరో చిక్కు సరుకు. కొన్న దినార్లను అక్కడ తిరిగి కొనేవారు అరుదు. వెళ్లేవారికి కావలసింది డాలర్లు, దిర్హమ్‌లు. కొన్నవి పెద్ద నగరంలోని టోకు వ్యాపారికో బ్యాంకుకో అమ్మేదాకా డబ్బు కట్టుబడి ఉంటుంది. ఆలోపు ధర పడితే నష్టం తనదే. అందుకే జిల్లా పట్టణాల్లో ఈ వ్యాపారం ఒంటిగా నిలబడదు. టికెట్లు, బంగారం తాకట్టు, డబ్బు బదిలీ చేసే సంస్థలు దీన్ని పక్క పనిగా పెట్టుకుంటాయి. బ్యాంకుల్లోనూ ప్రతి శాఖకూ విదేశీ నోట్లు ముట్టుకునే అధికారం, నకిలీ నోటు గుర్తుపట్టే అనుభవం ఉండవు. పల్లె శాఖలో దినారు చూపితే పట్టణ శాఖకు పొమ్మనడం మామూలే.

చట్టం, పరిమితులు

1973 నాటి కఠినమైన విదేశీ మారక చట్టం ఫెరా స్థానంలో 1999లో వచ్చి 2000 జూన్ 1 నుంచి అమలైన ఫెమా ఈ వ్యాపారానికి ఆధారం. దాని కింద బ్యాంకులు, రెండో తరగతి అధీకృత డీలర్లు, పూర్తిస్థాయి మనీ ఛేంజర్లు అని లైసెన్సులు ఉన్నాయి. లైసెన్సు లేనివాడితో విదేశీ నగదు కొనుగోలు, అమ్మకం చట్ట ఉల్లంఘన. జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా ఉండవచ్చు. తెలిసిన బంగారం దుకాణంలోనో, టికెట్లు ఇప్పించిన ఏజెంటు దగ్గరో నోటిమాట మీద దినార్లు మార్చుకోవడం పల్లెల్లో తప్పుగా అనిపించకపోవచ్చు. చట్టం దృష్టిలో మాత్రం అది తప్పే, రసీదు లేని డబ్బుకు తర్వాత లెక్క చెప్పడమూ కష్టం.

దేశంలోకి విదేశీ నగదు ఎంతైనా తేవచ్చు. నోట్లు 5,000 డాలర్ల విలువ దాటినా, నోట్లు, ట్రావెలర్స్ చెక్కులు కలిపి 10,000 దాటినా దిగిన విమానాశ్రయంలోనే కస్టమ్స్ వారికి ప్రకటించాలి. మార్చినప్పుడు వ్యాపారి చేతికిచ్చే రూపాయల నగదు దేశవాసికి 1,000 డాలర్ల విలువ వరకు, విదేశీ పర్యాటకుడికీ ప్రవాస భారతీయుడికీ 3,000 డాలర్ల విలువ వరకు. అంతకు మించితే చెక్కు, ఖాతా. 50,000 రూపాయల లోపు మార్పిడికి గుర్తింపు పత్రం వివరాలు రాసుకుంటే చాలు, దాటితే నకలు దాచాలి. తిరిగొచ్చిన దేశవాసి 2,000 డాలర్ల వరకు నోట్లు ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు. మిగతావి 180 రోజుల్లో అమ్మేయాలి.

వెళ్లేటప్పుడు పద్ధతి వేరు. చాలా దేశాలకు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకే నోట్లు ఇస్తారు, మిగతాది కార్డులో వేసుకోవాలి. హజ్, ఉమ్రా యాత్రికులకు ఈ హద్దు లేదు. కొనుగోలు విలువ 50,000 రూపాయలకు చేరితే నగదు చెల్లింపు కుదరదు. రూపాయలు వెంట తీసుకుపోవడం 25,000 వరకే. తిరిగి వెళ్లే విదేశీయుడు మిగిలిన రూపాయలను మళ్లీ తన కరెన్సీగా మార్చుకోవాలంటే మొదట మార్చినప్పటి సర్టిఫికెట్ చూపాలి. తగిన కారణంతో అది లేకపోతే, వారంలోపు ప్రయాణం ఉన్నవారికి 10,000 రూపాయల వరకు మార్చే విచక్షణ వ్యాపారికి ఉంది.

నోటు వయసు

ధర బోర్డు మీద ఒకటే ఉన్నా ప్రతి నోటుకూ అదే దక్కదు. వంద డాలర్ల నోటుకు వచ్చే ధర ఒక డాలరు నోటుకు రాదు. రాత ఉన్నా, చిరుగు ఉన్నా తగ్గిస్తారు. అమెరికా తన పాత నోట్లేవీ రద్దు చేయదు. అయినా 1996కు ముందరి చిన్న తల బొమ్మ డాలర్లను ఇక్కడి వ్యాపారులు వెనకాడుతూనే తీసుకుంటారు. కువైట్ అలా కాదు. 2014లో ఆరో విడత నోట్లు తెచ్చి, 2015 అక్టోబరు నుంచి ఐదో విడత నోట్లను చలామణి నుంచి తప్పించింది, వాటిని తన కేంద్ర బ్యాంకులో మార్చుకోవడానికి 2025 ఏప్రిల్ 18 వరకు గడువు పెట్టింది. బీరువాలో చీర మడతల్లో దాచిన పాత దినారు ఆ తర్వాత జ్ఞాపకమే. బ్రిటన్ కాగితపు 20, 50 పౌండ్ల నోట్లు 2022 సెప్టెంబరు 30తో ఆగిపోయాయి.

2016 నవంబరు

500, 1,000 రూపాయల నోట్లు రద్దైన 2016 నవంబరులో మార్పిడి తలకిందులైంది. విదేశీయులకు వారానికి 5,000 రూపాయల విలువ వరకే నగదు మార్చి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు పరిమితి పెట్టింది. విదేశాల్లో ఉన్నవారి దగ్గర మిగిలిన పాత 500, 1,000 నోట్ల సంగతి మరీ చిక్కు. ప్రవాసులకు 2017 జూన్ 30 వరకు గడువు ఇచ్చారు. తలకు 25,000 రూపాయలు మించకూడదు, దిగిన విమానాశ్రయంలో కస్టమ్స్ ముద్ర వేయించుకోవాలి, తర్వాత రిజర్వు బ్యాంకు కార్యాలయానికి స్వయంగా వెళ్లాలి. అందుకు నిర్ణయించిన ఐదు కార్యాలయాల్లో దక్షిణాదిన ఉన్నది చెన్నై ఒక్కటే. సెలవు మీద కువైట్ నుంచి వచ్చిన నెల్లూరు తీరపు మనిషికి ఇది అంత భారం కాలేదు, ఎలాగూ దిగేది చెన్నైలోనే. హైదరాబాదులో దిగినవారికి ప్రత్యేకంగా మరో ప్రయాణం.

నోటు లేని మార్పిడి

వలస కుటుంబాల విషయంలో అసలు మార్పిడి విమానాశ్రయం దాకా రాదు. జీతం రోజున కువైట్‌లోని ఎక్స్‌ఛేంజి కార్యాలయంలో దినార్లు కడితే ఊళ్లోని బ్యాంకు ఖాతాలో రూపాయలు పడతాయి. ఖాతా లేనివారికి మనీ ట్రాన్స్‌ఫర్ పథకం ఉంది. ఒక్కసారికి 2,500 డాలర్ల విలువ మించకూడదు, ఒకే మనిషికి ఏడాదికి 30 సార్లు మించకూడదు, చేతికి నగదుగా 50,000 రూపాయల వరకే. ఈ డబ్బు గూడూరులోనో నెల్లూరులోనో అందినా, మారకం ధర నిర్ణయమయ్యేది కువైట్ కౌంటరులో. రూపాయి పడిపోయిన వారం అక్కడ వరుసలు పెరుగుతాయి.

పర్యాటకుల వైపు నుంచి కూడా నోటు అవసరం తగ్గుతోంది. విదేశీ కార్డుతో ఏటీఎంలో రూపాయలు తీసుకోవడం చిన్న పట్టణంలోనూ కుదురుతుంది. 2023లో జీ–20 సమావేశాల వేళ విదేశీ ప్రయాణికులకు యూపీఐ సౌకర్యాన్ని కొన్ని పెద్ద విమానాశ్రయాల్లో ప్రారంభించారు. తీరపు ఊరి టీకొట్టులోనూ యూపీఐ చీటీ అంటించి ఉంది కాబట్టి, దాన్ని వాడగలిగిన విదేశీయుడికి చిన్న విమానాశ్రయంలో కౌంటరు లేకపోవడం పెద్ద లోటు కాదు.

చిల్లర

నాణేలను మనీ ఛేంజర్లు సాధారణంగా తీసుకోరు. తూకం ఎక్కువ, తిరిగి అమ్ముకునే చోటు లేదు. దినారుకు వెయ్యి ఫిల్సులు. ఆ ఫిల్సుల నాణేలు, అమెరికా సెంట్లు, సింగపూర్ చిల్లర ఇళ్లకు చేరి పిల్లల ఆటవస్తువులవుతాయి, లేదా తిరుమల హుండీలో పడతాయి. హుండీ కానుకలు లెక్కించే పరకామణిలో విదేశీ నోట్లను, నాణేలను దేశాలవారీగా వేరుచేసి లెక్కిస్తారు. ఈ చుట్టుపక్కల విదేశీ కరెన్సీ ఇన్ని రకాలుగా ఒకచోట పోగుపడేది విమానాశ్రయంలో కాదు, అక్కడే. విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి చిక్కుల్లో పడటంతో, దాత ఎవరో తెలియని ఈ కానుకలు కొంతకాలం బ్యాంకులో జమకాక నిలిచిపోయాయి. 2023లో కేంద్ర హోం శాఖ దాత వివరాలు లేకుండానే వాటిని జమ చేసుకునేలా దేవస్థానానికి మినహాయింపు ఇచ్చింది.